ప్రసంగాల పుస్తకంలో చివరి పేజీలు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఆదివారం చర్చిలో ప్రసంగం రాసుకునే నా నోటుపుస్తకం రెండు వైపుల నుంచీ నిండుతుంది. ముందు వైపు వాక్యం, దాని భావం, నేను నేర్చుకున్నది. తిరగేస్తే, చివరి పేజీ నుంచి, నంద్యాలలో నేను ఒక్కదాన్నే చూసిన సినిమాలు. వాటినీ అదే పద్ధతిలో రాశాను: కథ, భావం, నేర్చుకున్నది.

మా ఇంట్లో సినిమాకు పోవడం పాపం. నాయన చర్చిలో పెద్ద. నేను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రోజూ బస్సులో పోయి బీఎడ్ చదువుతున్నాను. మధ్యాహ్నం క్లాసులు లేని రోజు మ్యాట్నీకి పోతాను. మొదటిసారి టికెట్ కిటికీ దగ్గర ఒక వేలు చూపించి టికెట్ తీసుకున్నాను.

చూడగా చూడగా నాకొకటి అర్థమైంది. హీరో సిగరెట్ వెలిగిస్తే తెర మూలన చిన్న అక్షరాల్లో హెచ్చరిక వేస్తారు కదా, చాలా సినిమాల్లో నీతి కూడా అంతే. రెండు గంటలు అమ్మాయి వెంటపడినవాడే ఆఖర్లో ఆడవాళ్లను గౌరవించాలని ఉపన్యాసం ఇస్తాడు. ఈలలు మాత్రం వెంటపడినప్పుడే పడతాయి. సినిమా ఏం చెప్పిందో తెలియాలంటే చివరి మాటలు వినక్కర్లేదు, ఎవరికి శిక్ష వేసి ఎవరిని వదిలేశారో చూస్తే చాలని రాసుకున్నాను. ఒక చిన్న సినిమాలో అమ్మాయి వద్దనగానే అబ్బాయి "సరే" అని సైకిలెక్కి వెళ్లిపోతాడు. ఎవరూ నీతి చెప్పరు. ఆ పేజీలో మాత్రం ఆ "సరే" కింద రెండు గీతలు గీశాను.

ఇదంతా పుస్తకంలోనే. బయట నేను నోరు విప్పేది తక్కువ. మా చర్చి కూటంలో వాక్యం అయిపోయాక వరసగా ఒక్కొక్కరు లేచి, "నేను నేర్చుకున్నది" అంటూ ఒక మాట చెప్పి కూర్చోవాలి. నేనెప్పుడూ "ప్రార్థన ముఖ్యమని నేర్చుకున్నాను" అనేదాన్ని. ఏ ప్రసంగానికైనా సరిపోతుంది.

పోయిన జూలైలో ఒక సాయంత్రం ప్రసంగానికి బదులు సినిమా వేశారు. భక్తి సినిమా కాబట్టి తప్పు లేదన్నారు. చర్చి హాల్లో బేతంచెర్ల బండల నేల మీద చాపలు పరిచి, గోడకు తెల్ల దుప్పటి కట్టారు. కథలో ఒక అమ్మాయి తల్లి వద్దన్నా పట్నం కాలేజీకి పోతుంది. ఒకడు ప్రేమించానని చెప్పి మోసం చేస్తాడు. ఆమె జబ్బుపడి ఇంటికొచ్చి, తల్లి ఒళ్లో క్షమాపణ అడిగి చనిపోతుంది. లైట్లు వేసేసరికి ఆడవాళ్లందరూ కళ్లు తుడుచుకుంటున్నారు.

నా పక్కన మా పిన్నమ్మ, ఆమె పక్కన ఆమె కూతురు. చెల్లికి నంద్యాలలో డిగ్రీ సీటు వచ్చింది. సోమవారం పోయి చేరాలి. పిన్నమ్మ ముక్కు చీదుకుని చెల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దులేమ్మే. నంద్యాలా వద్దు, ఏం వద్దు. ఈడ్నే ఉండు."

"అమ్మా, అది సినిమా!"

"సినిమా అయితే ఏందీ? జరిగేదే తీసినారు. గమ్మునుండు."

చెల్లి నా వైపు చూసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చి ఊరుకునేదాన్నేమో.

వరస మొదలైంది. "తల్లిదండ్రులకు లోబడాలని నేర్చుకున్నాను." "ఆడపిల్లలు జాగ్రత్తగా ఉండాలని నేర్చుకున్నాను." నా వంతు వచ్చింది. లేచాను. "ప్రార్థన" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"చెప్పమ్మా," అన్నారు పాస్టరమ్మగారు.

"ఈ కథలో పాపం చేసిందెవరు అమ్మగారూ?"

వెనక ఎవరో, "ఓయబ్బా, మాట్లాడుతాందే ఈ పాప!" అని నవ్వారు.

"ఆ అమ్మాయి చదువుకోను పోయింది. చచ్చిపోయింది. మోసం చేసినోడు ఆఖరి అరగంట కనపడనే లేదు. వాన్ని ఎవరూ క్షమాపణ అడగమనలేదు. వానికి మాత్రం అమ్మ లేదా? ఆమె ఎందుకు ఏడవలేదు? మోసం కంటే చదువు పెద్ద తప్పని కదా ఈ కథ చెప్తాంది? నేనది నేర్చుకోలేదు. నేర్చుకోను కూడా."

పుస్తకాన్ని గుండెకు అదుముకున్నాను. "ఇది చూసి మనం ఏ పిల్ల చదువైనా ఆపితే, ఆ తప్పు సినిమాది కాదు, మనది."

ముందు వరసలోంచి నాయన వెనక్కి తిరిగి చూశాడు. గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలవ్వ గట్టిగా అంది:

"నిజమే కదప్పా! ఆ దొంగనాబట్ట యాడికి పోయినాడా అని నేనూ అప్పట్నించి చూస్తాండా!"

అన్నాక చర్చిలో ఉన్నానని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇక నవ్వు ఆగలేదు. పాస్టరమ్మగారూ నవ్వారు. నా తర్వాత లేచిన అమ్మాయి, తను చెప్పాలనుకున్నది మరిచిపోయి, "అక్క చెప్పిందే నేనూ నేర్చుకున్నాను" అని కూర్చుంది. ఆ తర్వాత లేచినామె కూడా అదే మాట.

బయట చెప్పులేసుకుంటూ నాయన, "గొంతు పెద్దదే నీది," అన్నాడు. అంతే. పిన్నమ్మ మాత్రం చెల్లి చెయ్యి పట్టుకుని ముందే వెళ్లిపోయింది. ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఈ సాయంత్రాన్ని ఏ వైపు రాయాలో తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. ముందు వైపే రాశాను.

సోమవారం పొద్దున ఆళ్లగడ్డ బస్టాండుకు పోయేసరికి చెల్లి నాకంటే ముందే వచ్చి ఉంది. కొత్త సంచి, కొత్త టిఫిన్ డబ్బా, పక్కన పిన్నమ్మ. నంద్యాల బస్సులో ఎగబడి రెండు సీట్లు పట్టుకున్నాను, ఎప్పుడూ నిలబడి పోయే నేను. పిన్నమ్మ కిటికీ దగ్గరికొచ్చి, చెల్లికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పింది. బస్సు కదలబోతుంటే కిటికీ ఊచ పట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా అంది:

"సినిమాలు చూడనోళ్లకు అన్ని సంగతులు యాడ తెలుస్తాయిమ్మే? మీ నాయనకు చెప్పన్లే. ఈసారి పోతే ఒంటిగా పోవాకు, దీన్నీ పిల్చుకపో."