తిల్దా మిల్లులో మా అత్త ప్రశ్న

రాయపూర్ నుంచి తిల్దా వెళ్ళి ధాన్యం మిల్లు చూసి రావాలన్న ఆలోచన నాది కాదు, మా మేనత్త అప్పలనర్సమ్మది. కొత్తగా ఆంధ్రరాష్ట్రం వచ్చిందన్న కబురుతోపాటే ఆవిడ విజయనగరం నుంచి మా రైల్వే క్వార్టర్సుకి వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళు. వచ్చిన నాటినుంచీ నా ప్రాణం తోడేస్తోంది. మా అమ్మాయి పలక లాక్కుని నాగరి అక్షరాలు దిద్దుతుంది. పాలామెని గుమ్మంలో కూర్చోబెట్టి హిందీలో దీన్నేమంటారు, దాన్నేమంటారు అని ఆరా తీస్తుంది. ముసలావిడ కాలక్షేపంలే అనుకున్నాను. ఇక మిల్లు బియ్యం చూసిన దగ్గర్నుంచి మరీను. "నూకన్నది లేకుండా ఇంత తెల్లగా ఎలాగరా? ఒక్కసారి చూపించరా నాయనా," అని పదిహేను రోజులు నస పెట్టింది.

కోతల రోజులు కాబట్టి మిల్లు ఆదివారమూ ఆడుతుంది. పొద్దున్న ఏడింటి ప్యాసింజరుకి బయల్దేరాం. స్టేషనుదాకా టాంగాకి నాలుగణాలు. నాకు పాసుంది, అత్తకి టిక్కెట్టు కొన్నాను. గంటన్నర ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని అత్త ప్రతి స్టేషను బోర్డూ కూడబలుక్కుంది. "మాం... ఢ... ర్. మాంఢర్! అవునట్రా?" అని కేకేసింది. ఎదుటి బెంచీ వాళ్ళు నవ్వారు. "నెమ్మదిగా అత్తా," అంటూ ముడుచుకుపోయాను.

తిల్దా స్టేషను నుంచి మిల్లుకి పది నిమిషాల నడక. అక్కడి గుమాస్తా మునీమ్‌గారు వాగన్ల పనిమీద మా గూడ్సు ఆఫీసుకి వస్తూంటారు. ఆయనే లోపలికి తీసుకెళ్ళారు. మిషను నడిపే మిస్త్రీని చూడగానే అత్త మొదలెట్టింది. "రోకలిపోటు గట్టిగా పడితే గింజ విరుగుతుంది కదా, ఈ ఇనపదానికి ఎంత బలం పెట్టాలో ఎవరు చెప్తారో అడగరా." అడిగాను. మిస్త్రీ మొహం వెలిగిపోయింది. "నేనే మాయీ," అని మర బిగించి, వదులు చేసి చూపించాడు. ముందుగా గింజ కొరికి తడి చూస్తాట్ట. ఆ మాట నేను తెలుగులో చెప్పేలోపే అత్త గుప్పెడు ధాన్యం తీసి ఓ గింజ కొరికింది. "ఇదింకా ఆరలేదు. నూకైపోతుంది, చెప్పు." మిస్త్రీ తానూ ఒకటి కొరికి, ఆవిడకి దండం పెట్టినంత పని చేశాడు.

అత్త సంబరం చూడాలి! "ముప్పై ఏళ్ళు నలుగురిళ్ళలో దంచానురా, నాకు తెలీదూ?" అంటూ రెండు చేతులూ ఎత్తి రోకలి వేసినట్టు అభినయించింది. మునీమ్‌గారు నావైపు తిరిగి, "ఏమంటున్నారు? ఊళ్ళోవాళ్ళ ధాన్యం దంచేవారా?" అన్నారు.

నిజమే. అమ్మానాన్నా పోయాక నన్ను మెట్రిక్ దాకా చదివించింది ఆ దంపుడు కూలే. కానీ మునీమ్‌గారు నన్ను బాబూసాబ్ అని పిలుస్తారు మరి. ఇక్కడి మన తెలుగువాళ్ళకి ఒక పాడలవాటుంది, ఆంధ్రదేశం నుంచి వచ్చిన చుట్టాల ఎదుటే వాళ్ళ గురించి హిందీలో మాట్లాడేసుకుంటాం. "అబ్బే, ఆవిడకి మతి కాస్త చెడిందండీ, ఏదో వాగుతుంది," అని నవ్వుతూ హిందీలో అన్నాను.

అత్త చేతులు గాలిలో ఆగిపోయాయి. గుప్పిట్లో ధాన్యం కుప్పలో పోసేసి, "పదరా, వెళ్దాం," అంది.

మధ్యాహ్నం బండిలో అత్త కిటికీ వైపు తలెత్తలేదు. మాంఢర్ దాటాక మెల్లిగా అంది. "ఆ పాటి హిందీ పాలామె నేర్పిందిరా. నేను దంచానని చెప్పుకోడం నీకు అంత నామోషీ అయితే, నన్ను తీసుకెళ్ళకుండా ఉండాల్సింది."

పన్నెండు రోజులైంది. పలక గూట్లో ఉంది. పాలామె వస్తే అత్త చెంబు పట్టుకెళ్ళి పాలు పోయించుకుని వచ్చేస్తోంది, అంతే. నిన్న ఉండబట్టలేక, "అత్తా, రోకలిని హిందీలో ఏమంటారో కనుక్కున్నావా?" అన్నాను. "నాకేం తెలుసురా, మతి చెడినదాన్ని," అంది. ముప్పై ఏళ్ళ రోకలిపోటు అణచలేని ఉత్సాహాన్ని, ఆవిడ చెప్పించిన చదువుతో వచ్చిన ఉద్యోగంలో నేర్చిన హిందీలోనే నేను ఒక్క మాటతో అణిచేశాను. ఛీ, ఇది రాస్తూంటే కూడా సిగ్గేస్తోంది. ఎల్లుండి ఆదివారం ఒక్కణ్ణే తిల్దా వెళ్తున్నాను, మునీమ్‌గారికీ మిస్త్రీకీ ఉన్నమాట చెప్పడానికి. రమ్మంటే అత్త చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మీరు వెళ్ళేట్టయితే కోతలయ్యాక, ఏడింటి బండికే వెళ్ళండి, పొద్దుటిపూట చూపించడానికి వాళ్ళకి తీరికుంటుంది. వెంట పెద్దవాళ్ళుంటే వాళ్ళు అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు హిందీలో చెప్పండి. మీ మాట ఒక్కటి కూడా కలపకండి.