స్టేటర్ నా సంచిలో ఉంది

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. మా ఇంట్లో ఎవరినీ నమ్మనివ్వను కూడా. మీటర్ ముల్లు కదిలితే కరెంటు ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. నాకు తెలిసిన లోకం అంతే.

మా సిరోంచ వైపు పడవ ఇంజిన్ విప్పి బాగుచేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోండి, చెప్పుకుంటాను. మా బాపు దగ్గర నేర్చుకున్న పని ఇది. "ఆడివిల్లకు గీ గ్రీసు పనేంది" అని నవ్వినవాళ్లే ఇప్పుడు ఇంజిన్ మొరాయిస్తే అంకిసలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు.

పాత ఇంజిన్లకు బ్యాటరీ ఉండదు. తాడు గుంజితే పైనున్న బరువైన చక్రం తిరుగుతుంది. అది ఫ్లైవీల్, దాని లోపలి అంచున అయస్కాంతాలుంటాయి. దాని కింద రాగితీగ చుట్టిన కాయిళ్లుంటాయి, అదే స్టేటర్. అయస్కాంతాలు కాయిళ్ల చుట్టూ తిరిగితే కరెంటు పుడుతుంది, అది ప్లగ్గు దాకా పోయి నిప్పురవ్వ అవుతుంది. స్టేటర్ లేకపోతే ఎంత గుంజినా చెయ్యి నొప్పే మిగులుతుంది. కాయిల్ కాలిపోయిన ఇంజిన్‌కు ప్లగ్గుల మీద ప్లగ్గులు మార్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్నటి వానకాలంలో మా సొంత ఇంజిన్ కాయిలే కాలిపోయింది. మా ఆయన వలలు తీసుకుని పోయి ఇంట్లో లేడు. నేను స్టేటర్ విప్పి సంచిలో వేసుకుని, కొత్త తీగ చుట్టించడానికి మహారాష్ట్ర ఎస్టీ బస్సెక్కి అహేరి పోయాను. పోయేముందు ఫ్లైవీల్‌ను ఖాళీగానే మళ్లీ బిగించి, పైన మూత పెట్టాను. మా నది ఇసుకలో నల్లటి ఇనుప రజను ఉంటుంది. ఫ్లైవీల్ విప్పి పక్కన పెడితే అయస్కాంతాలకు గడ్డం మొలిచినట్టు పట్టుకుంటుంది, ఎంత తుడిచినా పోదు. అందుకే మా దగ్గర అందరం ఇట్లాగే చేస్తాం. పైనుంచి చూస్తే ఇంజిన్ తయారుగా ఉన్నట్టే కనిపిస్తుంది.

కాయిల్ చుట్టించుకుని వస్తుంటే దారి పొడుగునా వాన. అంకిసలో బస్సు దిగానో లేదో పక్కింటి పోశక్క ఎదురొచ్చింది.

"రాజక్కా, నీ ఆడబిడ్డకు నొప్పులొస్తున్నయట! వాగు పొంగింది. మీ ఆయన ఆమెను తీస్కరానీకె పడవేస్కొని వోయిండు. ఇంజిన్ వెట్టుకునే వోయిండు, జర నిమ్మలంగుండు."

నిమ్మలమా! నడివాగులో ఇంజిన్ లేకపోతే ఆ వరద పడవను నేరుగా గోదావరిలోకి ఈడ్చుకుపోతుంది. మా ఆడబిడ్డ సరితది వాగు అవతలి ఊరు, అది తొలి కాన్పు. సంచి చంకన పెట్టుకుని ఒడ్డుకు ఉరికాను.

పడవ కనిపించక ముందే చప్పుడు వినిపించింది. మా ఇంజిన్ గొంతు నాకు తెలియంది కాదు. చెట్లు దాటి చూస్తే పడవ నడివాగులో ఉంది, వరదకు అడ్డంగా, ఇటే వస్తోంది. మా ఆయన వెనక కూర్చుని ఇంజిన్ పట్టుకున్నాడు. సరిత తాటిపత్రి పట్టా మీద పడుకుని ఉంది. తెడ్డు ఎవరి చేతిలోనూ లేదు. ఇంజిన్ వెనక పొగ స్పష్టంగా కనిపిస్తోంది.

సంచిలో చెయ్యి పెట్టాను. స్టేటర్ తగిలింది. కొత్త వార్నిష్ వాసన కూడా పోలేదు.

నేను పిలవలేదు. పిలిస్తే ఆగిపోతుందేమోనని భయమేసింది. దయ్యాలను నమ్మనిదాన్ని, ఒక ఇంజిన్‌కు సంగతి తెలియకూడదని నోరు మూసుకుని నిలబడ్డాను.

పడవ ఒడ్డు తాకింది. సరితను జీపులో సిరోంచ దవాఖానకు తీసుకుపోయారు. మా ఆయన ఆమెతో పోయాడు, నాకు చోటు లేదు. అక్కడున్న నలుగురినీ పిలిచి, వాళ్ల ముందే ఫ్లైవీల్ విప్పాను. లోపల ఖాళీ. తీగల కొసలు నేను వదిలినట్టే వేలాడుతున్నాయి. మళ్లీ బిగించి, ప్లగ్గు బయట పెట్టి తాడు గుంజాను. నిప్పురవ్వ రాలేదు. స్టేటర్ పెట్టి గుంజాను. నీలంగా టప్పున కొట్టింది.

మా ఆయనను ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. "మొదటి గుంజుడుకే లేసింది. నువ్వు జేసే వెట్టినవనుకున్న."

అహేరిలో కాయిల్ చుట్టినాయనను అడిగితే, ఇంకో స్టేటర్ ఉండి ఉంటుందని నవ్వాడు. ఆ ఇంజిన్‌కు సరిపోయేది మా దగ్గర అదొక్కటే. ఊళ్లోవాళ్లు మాత్రం, "రాజక్క చెయ్యివడ్డ ఇంజిన్, తీగెల్లేకున్నా నడుస్తది" అంటున్నారు. పొగిడితే నాకు చేదేం కాదు. కానీ కాయిల్ లేకుండా కరెంటు పుట్టదు. పుడుతుందని నేను ఒప్పుకుంటే మా బాపు నేర్పిన పనంతా అబద్ధమవుతుంది.

కాన్పయిన మర్నాడే దవాఖానలో సరితకూ అదే చెప్పాను. ఆడపిల్ల పుట్టింది, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "సరితా, నిన్ను తెచ్చిన ఇంజిన్ల స్టేటరే లేదే. అది నడువది" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నడువకుంటే మేమిద్దరం గీడెట్లున్నం వదినా?" అని బిడ్డను నా చేతుల్లో పెట్టింది.