జంతికల గొట్టం మీద చిలక

2003 నవంబరు 9, ఆదివారం, పెడన. హాజరైనవారు: నేను, మా ఆవిడ, పక్కింటి బావగారు, గోడ అవతల మగ్గంలో నేతాయన. చివరాయన కనిపించలేదు, వినిపించారు. అందుకని ఆయన్నీ రాసుకున్నాను.

బావగారికీ మాకూ చుట్టరికం లేదు. ముప్పై ఏళ్లు పక్కపక్కన ఉంటే పిలుపు అదే అలవాటైంది. ఆయన టేకు చెక్క మీద కలంకారీ అచ్చులు చెక్కుతారు. ఆ ఏడు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది మసక. వచ్చే పనులు తగ్గాయి. అలాంటప్పుడు గుడివాడలో కొత్తగా దుప్పట్ల కొట్టు పెట్టిన షావుకారు ఒక పాత గుడ్డముక్క తెచ్చారు. దాని మీద చింతగింజంత చిలక. అరచేతి సైజు అచ్చు కావాలట. "సోమవారం పొద్దున వస్తానండి. చెక్క మీద బొమ్మ గీసి చూపిస్తే పని మీదే. లేదంటే బందరులో మెషీన్ మీద చేయించుకుంటా" అనేసి వెళ్లారు.

బావగారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "ముక్కెక్కడుందో తోక ఎక్కడుందో తెలీటం లేదు బావగారూ. ఇది కూడా పోతే ఉలి అటకెక్కించాల్సిందే" అన్నారు.

నేను సర్వేయరుగా రిటైరైనవాణ్ని. కొలతంటే పారిపోయే రకం కాదు. నా పాత రీలు కెమెరా లెన్సు ఊడదీసి, వెనకది ముందుకు తిప్పి, రెండు వైపులా కోసిన పాలపొడి డబ్బాకి, ఆ డబ్బాని కెమెరాకి సైకిల్ ట్యూబుతో బిగించాను. అలా తిప్పి పెడితే చిన్న వస్తువులు పెద్దగా కనిపిస్తాయి. చిక్కల్లా ఫోకస్ దగ్గరే. బొమ్మ వెంట్రుకవాసి జరిగినా మసకే. అంత మెల్లిగా జరిపే మరచుట్టు మా ఇంట్లో ఒక్కటే ఉంది.

"అది జంతికల గొట్టం!" అంది మా ఆవిడ.

"సాయంత్రానికి ఇచ్చేస్తాను."

"కడిగి ఇవ్వాలి. దానికి చిలక వాసన రాకూడదు."

గొట్టాన్ని బల్ల మీద అడ్డంగా కట్టి, లోపలి బిళ్లకి గుడ్డముక్క అంటించి పిడి తిప్పాను. చిలక ముందుకొచ్చింది గానీ, పిడితోపాటు తనూ తిరిగి తలకిందులైంది. చివరికి గుడ్డను ఖాళీ అగ్గిపెట్టెకి అంటించి, బిళ్ల దాన్ని నెట్టేలా చేశాను. మా ఆవిడ అద్దం పట్టుకుని ఎండను చిలక మీద వేసింది. బటన్ నొక్కబోతే బల్ల అదిరింది. గోడ అవతల మగ్గం.

"కాస్త ఆపండయ్యా!" అని బావగారు కేకేశారు.

"పోగు తెగిందా?" అన్నారు నేతాయన.

"కాదు, చిలకను ఫోటో తీస్తున్నాం!"

మగ్గం ఆగింది. "ఎగిరిపోద్దనా?"

ఆ తర్వాత నేను "ఊఁ" అన్నప్పుడల్లా ఆయన మగ్గం ఆపారు. ప్రతిసారీ "అయిందా, పిల్లలు కూడా పెట్టిందా?" అని అడిగారు. రీలంతా అయ్యాక బందరు బస్సెక్కాను.

ఫోటో లాబ్‌లో నాకొక ఆలోచన వచ్చింది. అచ్చు మీద బొమ్మ తిరగేసి ఉంటేనే గుడ్డ మీద సరిగ్గా పడుతుంది. బావగారికి ఆ శ్రమ ఎందుకని ఫోటోనే తిరగేసి వేయించాను. నాలుగింటికల్లా తెచ్చిచ్చాను. చిలక రెక్కలో ఈకలు ఎంచుకోవచ్చు. బావగారి ముఖం చూసి నాకు మిగతావేవీ గుర్తు రాలేదు. ఫోటో తిప్పించిన సంగతి డైరీలో రాశాను, ఆయనకు చెప్పలేదు.

ఆయన నలభై ఏళ్ల అలవాటు చొప్పున బొమ్మను పల్చటి కాగితం మీద దించుకుని, కాగితాన్ని బోర్లా తిరగేసి, సుద్ద పూసిన చెక్క మీద గీశారు. అంటే చిలక రెండుసార్లు తిరిగింది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆయన తడిగుడ్డ పట్టుకుని చెక్క ముందు నిలబడి ఉన్నారు. "ఫోటో చూశాక గుడ్డ మీద ముక్కెక్కడుందో తెలిసింది. ఇదేంటి బావగారూ, అదీ ఇదీ ఎడమకే చూస్తున్నాయి? గుద్దితే కుడికి పడుద్ది!" నేను డైరీ సంగతి చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. చెరిపేలోపే షావుకారు స్కూటరు గుమ్మంలో ఆగింది.

షావుకారు గుడ్డముక్కను చెక్క పక్కన పెట్టి చూశారు. గుడ్డ మీద చిలకా ఎడమకే, చెక్క మీద చిలకా ఎడమకే. "అబ్బ! రవ్వంత తేడా లేదండీ. ఇంకో ఆయనకి చూపిస్తే తిరగేసి గీశాడు, పనిరానివాడని వచ్చేశాను" అన్నారు.

నేను నోరు తెరిచాను. బావగారు నా కాలు తొక్కారు.

షావుకారు ఇంకో అయిదు బొమ్మల గుడ్డముక్కలు కూడా ఇచ్చి, మొత్తం ఆరు అచ్చులకు పని ఒప్పజెప్పి వెళ్లారు. స్కూటరు చప్పుడు సందు దాటేదాకా ఆగి, బావగారు తడిగుడ్డతో సుద్దంతా తుడిచేశారు. మళ్లీ సుద్ద పూసి, ఈసారి కాగితాన్ని తిరగేయకుండా పెట్టి గీయడం మొదలుపెట్టారు.

"మిగతా అయిదింటికీ ఫోటోలు తీయండి బావగారూ. తిప్పే పని మాత్రం నాకొదిలేయండి."

గోడ ఇవతలికి మా ఆవిడ గొంతు వినిపించింది. జంతికల గొట్టం ఇంకా కడగలేదట.