కనక మీద పడ్డ పేడనీళ్ళు

చైత్రంలో ఇటుకల పండగ వచ్చిందంటే కనక వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని కొండెక్కుతారు. కుందేలో అడవికోడో దొరికితే ఊరంతా పంచుకోవాలి. చేతులూపుకుంటూ వస్తే మాత్రం ఊరి మొదట్లో ఆడవాళ్ళు పేడనీళ్ళ బకెట్లతో కాచుకుని ఉంటారు. తప్పించుకునే దారి లేదు. ఒక ఏడు ఆ ఊరి సుక్రు అరకు బజార్లో బ్రాయిలర్ కోడిని కొనుక్కొచ్చి, అడవిలో కొట్టానని చెప్పబోయాడు. ఆ తెల్లకోడిని చూసి ఆడవాళ్ళు అతనికి ఇంకో బకెట్టు ఎక్కువే పోశారు.

ఆడపిల్ల మీద పోసిన రివాజు మాత్రం లేదు, కనక మీద పోసేదాకా.

కనక ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదువుతుండగా తల్లి పోయింది. ఒంట్లో రక్తం నిలవని జబ్బు. విశాఖ ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. తండ్రి అంతకుముందే లేడు. మిగిలింది నాన్నమ్మ గంగ, చిన్న చెల్లి భాను, కొండవాలున కాఫీతోట. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాక ఎవరి దుఃఖం కోసమూ ఆగవు. కనక ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేసింది. రెండేళ్ళు పళ్ళు కోసింది, అంబలికి చోళ్ళు తిరగట్లో విసిరింది, చెల్లికి జడలు వేసింది. ఇలాంటి పిల్లల గురించి సభల్లో మాట్లాడేవాళ్ళు కష్టాలే గురువులంటారు. కష్టాలు కనకకు లెక్కలు నేర్పలేదు. వచ్చిన లెక్కల్ని మరిపించాయి.

మూడో ఏడు ఆ బడి మేష్టారు రవిబాబు వచ్చి, బతిమాలి, ప్రైవేటుగా పరీక్షకు కట్టించాడు. లెక్కలు తప్ప అన్నీ గట్టెక్కాయి.

ఫలితాల తేదీ పెట్టేది ప్రభుత్వం. పండగ తేదీ పెట్టేది ముహూర్తాలు చూసే దిసారి. ఇద్దరికీ ముఖపరిచయం లేకపోయినా రెండూ ఒకే రోజున పడ్డాయి. సిగ్నల్ అందే బండ దగ్గర ఫలితం చూసుకుని కనక కిందికి దిగుతుంటే, సంగతి ఆమె మొహమే చెప్పేసింది. ఆడవాళ్ళు చుట్టూ చేరి అయ్యో అన్నారు, తల్లి లేని పిల్ల అన్నారు. ఆ మాటలు వినీవినీ కనకకు విసుగెత్తిపోయింది. గంగ మాత్రం వేటగాళ్ళ కోసం కలిపిపెట్టిన బకెట్టెత్తి మనవరాలి నెత్తిన కుమ్మరించింది.

మర్నాడు రవిబాబు మండిపడుతూ వచ్చాడు. పసి మనసు, ఆత్మవిశ్వాసం, ఇంకా ట్రైనింగులో నేర్పిన మాటలు చాలా వాడాడు. గంగ అతని చేతికి గ్లాసుడు అంబలిచ్చి అంతా విన్నది.

"ఇంట్లో కూకున్నోల్ల మీద ఎవులైనా పోత్తారేటి సారూ? ఎల్లినోల్ల మీదే పోత్తాం. పోయించుకున్నోడు మల్లీ ఎల్తాడు" అంది.

గోడ అవతల నుంచి వింటున్న కనకకు తల్లి పోయాక మొదటిసారి నవ్వొచ్చింది. జాలిపడ్డవాళ్ళకు ఆమె తల్లి లేని పిల్ల. నాన్నమ్మకు ఉత్తచేతులతో దిగొచ్చిన వేటగాడు.

మళ్ళీ కట్టింది. ఈసారీ పోతే ఇంక పుస్తకం ముట్టనని ముందే చెప్పేసింది. సంతకు దిగిన రోజు సాయంత్రాలు రవిబాబు ఇంటి అరుగు మీద లెక్కలు. వర్గ సమీకరణాలు లొంగకపోతే, వాటిని వదిలెయ్యమన్నాడాయన. పుస్తకమంతా ప్రేమించనక్కర్లేదు, ముప్పై అయిదు మార్కుల మేర ప్రేమిస్తే చాలన్నాడు. ఆ ఏడు గంగ మోకాళ్ళ నొప్పులతోనే మళ్ళీ తోటకెళ్ళడం మొదలుపెట్టింది. అదేమంటే, ఇంట్లో ఊపిరాడటం లేదంది.

ఈ ఏడు కూడా ఫలితాలు పండగలోనే వచ్చాయి. కనక బండ దగ్గర్నుంచి దిగుతుంటే ఈసారి మొహంలో ఎవరికీ ఏమీ దొరకలేదు. నిరుడు నేర్చుకున్న పాఠం అది. వాకిట్లో గంగ బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటే గుంటా, ఏటి తెచ్చావు?"

"లెక్కల్లో నలభై ఒకటి, నాన్నమ్మా."

"నాకేటి తెలుస్తాదే ఆ లెక్క. పొయ్యాలా, వొద్దా?"

"వొద్దు."

గంగ బకెట్టు కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని, పొగ పట్టిందంది. పొయ్యి ఇంకా వెలిగించనేలేదు. వేటలో దొరికింది ఊరంతా పంచాల్సిందేనని, భాను చేతికి బెల్లం దిమ్మిచ్చి ఇంటింటికీ ఒక ముక్క పెట్టి రమ్మంది. సుక్రు ఇంట్లో మాత్రం చిన్న ముక్క పెట్టమంది.

ఇక బకెట్టు సంగతి. కలిపిన పేడనీళ్ళు పారబొయ్యడం గంగ ఇంటావంటా లేదు. పదో తరగతి పాసైన కనక చున్నీ నడుముకు బిగించి, వాటితో వాకిలి అలికింది. ఆరేదాకా ఎవర్నీ తొక్కనివ్వలేదు, అభినందించడానికి ఎగశ్వాసతో కొండెక్కి వచ్చిన రవిబాబుని కూడా.