శివమ్మ గుట్ట దిగిన తీరు

యూనివర్సిటీ గేటు కాడ కొత్త సెక్యూరిటీ ఆయన శివమ్మను ఆపిండు. "వాకింగ్ కార్డు చూపియ్, లేకుంటే వాపస్ పో" అన్నడు.

"నీకు డ్యూటీ ఎవరేసిన్రు?" అని అడిగింది శివమ్మ.

"భూపాల్ సార్."

"ఆయనకు ఫోన్ చెయ్. హాస్టల్ల ఉన్నప్పుడు ఆయనకు రోజూ మూడోసారి పప్పు ఎవరేసిన్రో అడుగు. ఆమె గేటు కాడ నిలబడ్డదని చెప్పు."

ఆయన చేసిండు. అవతల సారు నవ్వుడు శివమ్మ పక్కన నిలబడ్డ నాకు గూడ వినబడ్డది. ఫోన్ పెట్టేసి తన కుర్చీ తెచ్చి వేసిండు. శివమ్మ కూసోలే. "కూసునుడే అయితే మా ఇంట్ల కుర్చీలు లేవా, నడవనీకి వచ్చిన" అని లోపలికి పోయింది.

ముప్పై ఒక్క ఏండ్లు హాస్టల్ మెస్సుల చపాతీలు ఒత్తిన మనిషి. క్యాంపస్‌ల ఆమె మాటకు ఎదురు లేదు. ఇంట్ల మాత్రం కోడలు నిరోషదే నడుస్తది. మొన్న వానకాలం శివమ్మ బాత్రూంల జారి పడ్డది. "ఇంకొక్కసారి పడ్డవంటే వాకింగ్ బంద్ అత్తమ్మా" అన్నది నిరోష. ఆ పిల్ల ఒకటంటే ఇగ అంతే. పొద్దుగాల ఆ గంట నడక పోతే శివమ్మకు మిగిలేది టీవీ. తార్నాకల మావి పక్కపక్క ఇండ్లు. నేను పక్కన ఉంటనని నిరోషకు ధీమా. నేనైతే ఈ వయసు దాక ఎక్కడా పడలే.

డిసెంబర్ నెలల ఒక రోజు మంకీ క్యాపులు పెట్టుకొని, చీరెల మీద స్వెటర్లు తొడుక్కొని హాస్టళ్ళ వెనక గుట్ట కాడికి పోయినం. మంచుల నెమళ్ళు అరుస్తున్నయి గాని కనబడ్తలేవు. బూట్లేసుకున్న ఒకామె గుట్ట దిగి వస్తూ, "ఆంటీ, మీరు కిందనే నడవండి, పైకి మీవల్ల కాదు" అన్నది. మంచికే అన్నది పాపం. శివమ్మ చెప్పులు విడిచి చేతుల పట్టుకున్నది.

"వద్దు వదినె" అన్న నేను.

"నువ్వు గీడనే ఉండు. నీవల్ల కాదట."

ఇగ నేను ఉంటనా.

ఎక్కుడు సులువుగనే అయింది. పైన కూసొని ఫ్లాస్కుల చాయ్ తాగినం. శివమ్మ కిందున్న మెస్సు గోడలు చూసి, సున్నం ఏసినోడు మనసు పెట్టి ఎయ్యలేదన్నది. దిగుదామని లేచి, బండ వాలు చూసి మళ్ళ కూసున్నది.

"ఇది ఇంత నున్నగ ఉండెనా?"

"ఎక్కేటప్పుడు నీ మనసంత ఆ బూట్లామె మీదుండె."

ఇంకోసారి లేచి ఒక్క అడుగేసి బండనే పట్టుకున్నది. ఎవరినన్న పిలుస్తనన్న. "పిలిచినవంటే నీతోని మాట్లాడ" అన్నది. ఆఖరికి నేను ముందు కూసొని జరుగుతుంటే, ఆమె నా భుజాలకు పాదాలు ఆనిచ్చి జానెడు జానెడు జారుకుంట వచ్చింది. అరగంట పట్టింది. కింద నిలబడి శివమ్మ చీరె దులుపుకుంటుంటే చూసిన, వెనక మూరెడు చినిగింది. స్వెటర్ ఎంత కిందికి గుంజినా అందలే.

మా గల్లీ మలుపు దాక వచ్చినం. ఏ వార్డెన్‌నూ బతిమాలని మనిషి ఆడ ఆగి నా చెయ్యి పట్టుకున్నది.

"నిరోష చీరె చూస్తది వదినె. నువ్వే జారినవని, నిన్ను పట్టుకోబోయి నాది చినిగిందని చెప్పు. నిన్నేమంటది, నువ్వామెకు అత్తవు కావు గద."