అన్నయ్య శ్రుతి

కోలారు జిల్లాలో ఫిడేలు పట్టిన విద్వాంసుల్లో సగంమంది మా ఇంటి వాయిద్యాలతోనే పైకొచ్చారు. మా ఊరు మారికుప్పంలో రైలెక్కే ముందు మా గడప తొక్కనివాళ్లు లేరు.

సరే, కొంచెం లాగాను. బట్టల కొట్టువాణ్ణి, కొలిచేటప్పుడు లాగడం చేతికి అలవాటు. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫిడేలు. తీసుకెళ్లింది ఒకే ఒక్క అమ్మాయి.

మా ఊరి బంగారు గనులు ప్రభుత్వపరమయ్యాక ఊరు వదిలిన ఒక తెల్లదొర, పోతూ పోతూ దాన్ని తన ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా అన్నయ్యకు ఇచ్చాడు. కమాను ఆనిస్తే చాలు, ఇల్లంతా నిండిపోయే నాదం. అన్నయ్య కామెర్లతో పోయాక అమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వాడు చివరిసారి పెట్టిన శ్రుతి అందులో ఉందని ఆమె నమ్మకం. రోజూ దీపం పెట్టాక నాలుగు తీగలూ ఒక్కసారి మీటి, పెట్టె మూసేసేది. కింద గనిలో రాయి పగిలినప్పుడల్లా మా ఇల్లు వణికేది, ఫిడేలు తీగలు బిగించే బిరడాలు జారేవి. ఏడాది తిరిగేసరికి ఆ తీగలు ఏ శ్రుతిలోనూ లేవు. నాకు సంగీతం రాదు గానీ ఆ మాత్రం తెలిసేది. అమ్మకు ఎలా చెప్పను?

అన్నయ్యతో పనిచేసిన గుమాస్తా కూతురు ఒకనాడు వచ్చింది. బెంగళూరులో రేడియో పరీక్ష ఉంది, ఆమె ఫిడేలేమో పగిలిపోయింది. నేనే పెద్ద మనసుతో పెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"బిరడాలు మాత్రం తిప్పొద్దమ్మా. మావాడి శ్రుతి ఉండాది దాంట్లో," అంది అమ్మ.

ఆ పిల్ల తీగలు మీటి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె నేల మీద కూర్చుని, ఆ వదులు తీగల మీదనే, ఏ స్వరం ఎక్కడుందో వేళ్లతో వెతుక్కుంటూ ఒక కీర్తన వాయించింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఫిడేలు వెళ్లిపోయింది. పాపం, అమ్మ ఆ నమ్మకంతోనే కన్ను మూసింది.

మొన్న ఆ అమ్మాయికి ఇంతవరకు రాసింది చదివి వినిపించాను. ఇప్పుడు ఆమె తలా నెరిసింది.

"మీరు యాడ ఇస్తిరన్నా? ఇయ్యొద్దని పెట్టె మీద చెయ్యి పెట్టుకొని కూసుంటిరి. అమ్మే లాగి ఇచ్చింది. ఇంగ నమ్మింది నమ్మింది అంటారే, ఆయమ్మకు అంతా తెలుసు. వాకిలి దాకా వచ్చి నా చెవిలో చెప్పింది: 'వాడి శ్రుతి ఎప్పుడో పోయిందమ్మా, నువ్వు నీ శ్రుతి పెట్టుకో. మా చిన్నోడికి మాత్రం చెప్పొద్దు. వాడింకా నమ్ముతా ఉండాడు.'"