మగ్దలేనమ్మ రాయి

ఆగిరిపల్లిలో ఇమ్మానుయేల్ మాస్టారి తోటంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక, ఇంటి వెనక పాతిక సెంట్లలో ముసలి మామిడి చెట్లు కొట్టేయించి, తంగేడు, రేల, బలుసు పెంచారు. మధ్యమధ్య రాళ్లు నిలబెట్టి బొమ్మలు చెక్కారు. వాటిలో అందరూ మెచ్చుకునేది తంగేడు పొదల మధ్య ఉన్న ఆడమనిషి ముఖం. దాని కింద ఎప్పుడో ఎవరో గీసిన వంకర సిలువను ఆయన అలాగే ఉంచారు.

మొన్న ఈస్టర్ తర్వాతి ఆదివారం ఫాదర్ గారు చర్చి వాళ్లను తోట చూడ్డానికి తీసుకొచ్చారు. వాళ్లలో షాలోమి ఉంది. సీజన్లో మామిడికాయలు ఏరి పెట్టెలకెత్తే కూలి పని ఆమెది. ఆ రాయి దగ్గర ఆగి, సిలువ మీద వేలు పెట్టి, ఇదెక్కడిదని అడిగింది.

"మైలవరం వైపు క్వారీలో కొన్నానమ్మా," అన్నారు మాస్టారు.

"అలాగా అండీ," అని ఆమె ముందుకు నడిచింది.

అది క్వారీ రాయి కాదు. ఎనిమిదేళ్ల క్రితం సమాధుల దొడ్డిలో, వానలకు ఒరిగి గడ్డిలో పడి ఉంటే, పేరైనా లేదు, ఎవరొస్తారులే అనుకుని ఆటోలో వేయించుకొచ్చారు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు మాస్టారు చర్చిలో పూజకు వెళ్లలేదు. ఆమె ఆ సిలువ మీద వేలు పెట్టడమే కళ్లలో మెదులుతుంటే, మూడో ఆదివారం షాలోమి ఇంటికే వెళ్లారు. ఆమె కుర్చీ వేసినా కూర్చోలేక, నిలబడే జరిగింది చెప్పారు.

"ఆ రోజే తెలుసండీ," అంది షాలోమి. "అది మా అమ్మ మగ్దలేనమ్మ రాయి. సిలువ మా నాన్న గీశాడు. ఆయన గీత నాకు తెలీదా?"

"మరి అప్పుడే అడగలేదేంటమ్మా?"

"అంతమంది ముందు మిమ్మల్ని ఏమని అడగనండీ?"

మాస్టారికి తలెత్తబుద్ధి కాలేదు. తన అబద్ధం నిలిచిందనే ఇన్నాళ్లూ అనుకున్నారు. ఆమె నిలవనిచ్చింది.

రాయి కనబడక, ప్రతి సమాధుల పండుగకూ ఏదో ఒక మట్టిదిబ్బ మీద కొవ్వొత్తి వెలిగించి వస్తున్నానని ఆమె చెప్పింది. ఇద్దరూ కలిసి సమాధుల దొడ్డికి వెళ్లారు. రాయి తీసిన చోటు మాస్టారికి గుర్తుంది, చూపించారు. ఇన్నేళ్లూ ఆమె కొవ్వొత్తి పెట్టింది నాలుగు వరసల అవతల. పేరు చెక్కి కొత్త గ్రానైటు రాయి పెట్టిస్తానన్నారు మాస్టారు. ఆమె ఒప్పుకోలేదు.

"మా రాయే ఇవ్వండి. ఆ మొహం తీసేయండి. అది మా అమ్మ కాదు."

తన పనిలో అంతకన్నా మంచిది లేదని ఆయనకు తెలుసు. నాలుగు రోజులు ఉలి పట్టుకుని కళ్లు, ముక్కు, పెదవులు ఒక్కొక్కటే చెరిపేశారు. మందం సగమైన రాయిని ఇద్దరూ కలిసి పాతారు. ఆమె ప్రార్థన చేసుకుంటుంటే ఆయన దూరంగా నిలబడ్డారు.

తోట చూడ్డానికి ఇప్పటికీ జనం వస్తారు, ఆ బొమ్మ ఏమైందని అడుగుతారు. ఎవరిదో వాళ్లకి ఇచ్చేశానంటారు మాస్టారు. ఎంత మంచి మనసండీ మీది అంటారు వాళ్లు. జరిగింది చెప్పెయ్యాలని ఆయనకు ప్రతిసారీ ఉంటుంది. ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేకపోయారు.